గైయస్ విల్లోసస్: గోధుమ చేల మధ్య మిగిలిన నేలసాలీడు

పశ్చిమ ఆస్ట్రేలియా రాజధాని పెర్త్ నుంచి తూర్పుగా సుమారు 180 కిలోమీటర్లు వెళ్తే టామిన్ అనే చిన్న ఊరు తగులుతుంది. చుట్టూ కనుచూపు మేర గోధుమ చేలు, గొర్రెలు మేసే బీళ్లు. వాటి నడుమ అక్కడక్కడా, ఎవరూ దున్నకుండా వదిలేసిన అడవి తునకలు. అలాంటి తునకల్లో ఒకటైన నార్త్ బంగుల్లా రిజర్వులో ఒక ఆడ సాలీడు ఒకే బొరియలో 43 ఏళ్లు కాపురముండి 2016లో చనిపోయింది. సాలీళ్ల ఆయుష్షుకు సంబంధించి నమోదైన రికార్డు ఇదే. అంతకుముందు ఆ రికార్డు 28 ఏళ్లు బతికిన ఒక మెక్సికో టరాంటులా పేరిట ఉండేది. శాస్త్రపత్రాల్లో టామిన్ సాలీడికి ఉన్న పేరు 16వ నంబరు. దాని జాతి గైయస్ విల్లోసస్.

ఇది ఇడియోపిడే కుటుంబానికి చెందిన ట్రాప్‌డోర్ సాలీడు. నేలలో బొరియ తవ్వి, పట్టుతోనూ మట్టితోనూ తలుపు లాంటి మూత కట్టి, దాని వెనక నక్కి ఉండటం వీటి పద్ధతి. టరాంటులాలతో పాటు ఇవి కూడా మైగలోమార్ఫ్ అనే పురాతన వర్గంలోకి వస్తాయి. మన ఇళ్ల మూలల్లో గూడు అల్లే సాలీళ్ల కోరలు ఎదురెదురుగా కదులుతూ పట్టకారు పని చేస్తాయి. మైగలోమార్ఫ్‌ల కోరలు పక్కపక్కనే నిలువుగా ఉండి కిందికి దిగుతాయి, అందుకే కాటు వేయాలంటే ముందుభాగం పైకెత్తాల్సి వస్తుంది. ఇంటి సాలీళ్లలో సాధారణంగా పుస్తకపు పేజీల్లా పొరలుండే ఊపిరితిత్తులు ఒక్క జతే ఉంటాయి. వీటికి రెండు జతలు. అన్నిటికన్నా ముఖ్యమైన తేడా కాలంలో ఉంది. ఇంటి సాలీడుకు ఏడాదో రెండేళ్లో ఆయుష్షు ఉంటే, ఇవి దశాబ్దాల లెక్కన బతుకుతాయి. ఆడ మైగలోమార్ఫ్‌లు పెద్దయ్యాక కూడా కుబుసం విడుస్తూనే ఉంటాయి.

పేరు విషయంలో ఈ జాతి కొంచెం తిరుగుళ్లు తిరిగింది. సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియంలో పనిచేసిన విలియం జోసెఫ్ రెయిన్‌బో 1914లో దీన్ని గైయస్ విల్లోసస్‌గా వర్ణించాడు. తర్వాత చాలాకాలం దీన్ని అనిడియాప్స్ అనే ప్రజాతిలో కలిపి చూశారు. 2017లో ఇడియోపిడే కుటుంబపు ఆస్ట్రేలియా శాఖ మొత్తాన్ని తిరగరాసినప్పుడు గైయస్ మళ్లీ వేరుపడింది. అనిడియాప్స్ ప్రజాతికి 1897లో పేరు పెట్టినవాడు లండన్ శాస్త్రవేత్త రెజినాల్డ్ పోకాక్. తెలుగువాళ్లకు అతను మరో దారిలో పరిచయమే. మెరిసే నీలిరంగు టరాంటులా పొయిసిలోథీరియా మెటాలికాను అనంతపురం ప్రాంతంలోని గుత్తిలో దొరికిన నమూనా ఆధారంగా 1899లో లోకానికి చెప్పింది అతనే. ఆ నమూనా దొరికింది రైల్వే కలప డిపోలో. ఆ తర్వాత వందేళ్లకు గానీ అది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడలేదు. గుత్తి సాలీడు చెట్టు తొర్రల్లో ఉంటుంది, గైయస్ భూమిలో. రెంటిదీ ఒకే పెద్ద వర్గం, రెంటిదీ చుట్టుపక్కల అడవి కరిగిపోతున్న పరిస్థితే.

బొరియ సంగతికి వద్దాం, ఎందుకంటే గైయస్‌ను తెలుసుకోవడమంటే చాలావరకు దాని బొరియను తెలుసుకోవడమే. తల్లి బొరియ నుంచి బయటపడ్డ పిల్ల కాస్త దూరం నడిచి, రాలిన ఆకుల కింద అనువైన చోటు చూసుకుని తవ్వడం మొదలుపెడుతుంది. తర్వాత జీవితాంతం ఆ గుంతనే వెడల్పు చేసుకుంటూ, లోతు చేసుకుంటూ పోతుంది. కొత్త ఇంటికి మారదు. మూత కూడా అలాగే, ఒక్కసారిగా కట్టింది కాదు. సాలీడు పెరిగినకొద్దీ అంచున కొత్త పట్టు, కొత్త మట్టి చేర్చి దాన్ని పెద్దది చేస్తుంది. ముసలి సాలీడి మూత కింది వైపు చూస్తే ఈ చేర్పులు ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా కనబడతాయి.

మూత ఎక్కడుందో తెలియని మనిషికి ఆ నేల ఏమీ లేని నేలే. తెలిసినవాడికి మాత్రం ఒక గుర్తు దొరుకుతుంది. మూత చుట్టూ పొడవాటి పుల్లలు, ఎండాకులు బండిచక్రపు ఆకుల వరసలో పరిచి ఉంటాయి. ఒక్కో పుల్ల కొస బొరియ అంచుకు పట్టుతో అతికించి ఉంటుంది. రాత్రిపూట సాలీడు మూతను సన్నగా ఎత్తి, ముందుకాళ్ల కొనలు అంచున ఆనించి కూర్చుంటుంది. దూరంగా ఏ చీమో పురుగో పుల్లను తాకితే ఆ కదలిక కాళ్లకు అందుతుంది. బయటికి ఒక్క దూకు, పట్టు, వెనక్కి. పుల్లలు లేకపోతే కాళ్లు చాచినంత మేరే వేటకు దొరికేది. పుల్లల వల్ల ఆ మేర కొన్ని రెట్లు పెరుగుతుంది, సాలీడు మాత్రం బొరియ వదిలి తిరగనక్కర్లేదు. చీమలు, పేడపురుగులు, బొద్దింకలు, పొరపాటున అటు వాలిన రెక్కపురుగులు దీనికి ఆహారం.

ఇలా వచ్చినదాన్ని పట్టుకునే జీవికి ఆకలి కూడా తక్కువ ఖరీదులోనే ఉండాలి. గైయస్ ఒంట్లో జీవక్రియ చాలా నెమ్మది. వారాలకు వారాలు ఏమీ తినకుండా గడపగలదు. ఎండాకాలం ముదిరినప్పుడు బొరియ నోటిని మట్టితో, పట్టుతో బిగించి మూసేసి లోపలే ఉండిపోతుంది. ఈ ప్రాంతంలో ఏడాదికి పడేది సుమారు 300 నుంచి 350 మిల్లీమీటర్ల వాన, అదీ ఎక్కువగా చలికాలంలోనే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో నేలపై వేడి 40 డిగ్రీలు దాటిన రోజున కూడా లోతైన బొరియ అడుగు చల్లగా, కాస్త తేమగా ఉంటుంది.

దీని ఇంట్లో మరో ఏర్పాటుంది. బొరియ నడిమి భాగంలో పట్టుతో చేసిన ఒక వదులు తొడుగును గోడకు ఆనించి ఉంచుతుంది. పరిశోధకులు దీన్ని మేజోడు అనే పిలుస్తారు. తిని వదిలేసిన పురుగుల పెంకులు, మట్టి బెడ్డలు ఈ తొడుగు వెనక పోగుచేసి పెట్టుకుంటుంది. పైనుంచి శత్రువు మూత తెరిచి లోపలికి దిగుతుంటే సాలీడు కిందికి జారి తొడుగును లాగేస్తుంది. తొడుగు ముడుచుకుని మూసుకుపోతుంది, వెనకున్న చెత్త దానిమీద పడుతుంది. దిగిన శత్రువుకు కనబడేది ఒట్టి గొయ్యి, అడుగున పాత పెంకులు. ఖాళీ ఇల్లనుకుని వెనుదిరిగితే సాలీడు బతికినట్టే. చెత్తను చెత్తగా చూడకుండా రక్షణకు దాచుకునే ఈ ముందుచూపు నెమ్మది బతుకుకు తగ్గదే. పారిపోవడం దీనికి చేతకాదు, కాబట్టి దాక్కోవడంలోనే తెలివంతా పెట్టింది.

ఆడదానికి అయిదారేళ్లు దాటితే గానీ పిల్లలు కనే వయసు రాదు. మగవాటికీ దాదాపు అంతే కాలం పడుతుంది, కానీ ఆ తర్వాతి కథ పూర్తిగా వేరు. పెద్దదైన మగ సాలీడు సొంత బొరియ వదిలేసి, చలికాలం ముందు వానలు పడే రోజుల్లో ఆడదాని బొరియ వెతుక్కుంటూ నేలమీద తిరుగుతుంది. తిరిగి వెనక్కి రాదు. జతకట్టిన కొన్నాళ్లకే చచ్చిపోతుంది. ఆడది మాత్రం ఇంట్లోనే ఉంటుంది. గుడ్లు పెట్టి, పట్టు సంచిలో చుట్టి, పొదిగిన పిల్లలను వేసవి అంతా తన బొరియలోనే ఉంచుకుంటుంది. శరదృతువులో తొలి వానలు కురిసి నేల మెత్తబడ్డాకే పిల్లలు బయటికి నడుస్తాయి. ఎండు నేలలో తవ్వలేవు, ఎండకు తట్టుకోలేవు. ప్రతి ఏడాదీ గుడ్లు పెట్టడం కూడా ఉండదు.

సాలీళ్లు గాలిలో పట్టుపోగు విసిరి దానితో కిలోమీటర్లు ఎగిరిపోవడం చాలామందికి తెలిసిన విషయమే. గైయస్ పిల్లలు అలా ఎగరవు. నడుస్తాయి, అదీ కొద్ది దూరమే. అందువల్ల పిల్లల బొరియలు తల్లి బొరియ చుట్టూ గుంపుగా ఏర్పడతాయి. తల్లి, కూతుళ్లు, మనవరాళ్లు కలిసి ఒక చిన్న పేట. పేట పెరగడం నెమ్మది, కొత్త చోటికి పోవడం దాదాపు లేనట్టే. అయితే ఇలాంటి సాలీళ్లు దూరం దాటిన సందర్భం లేకపోలేదు. దక్షిణ ఆస్ట్రేలియాలోని కంగారూ ద్వీపంలో మోగ్రిడ్జియా రెయిన్‌బోవీ అనే వేరే ట్రాప్‌డోర్ సాలీడు ఉంది. దాని దగ్గరి చుట్టాలు ఉన్నది ఆఫ్రికాలో. ఆ రెంటి శాఖలు 20 లక్షల నుంచి కోటీ 60 లక్షల ఏళ్ల క్రితం మధ్య విడిపోయాయని 2017లో అడిలైడ్ శాస్త్రవేత్తల జన్యు పరీక్షల్లో తేలింది. ఆఫ్రికా, ఆస్ట్రేలియా ఖండాలు విడిపోయి అప్పటికే కోట్ల ఏళ్లు గడిచిపోయాయి. కాబట్టి ఆ సాలీళ్ల పూర్వీకులు ఏ కొట్టుకొచ్చిన మట్టిగడ్డలోనో చెట్టుదుంగలోనో హిందూ మహాసముద్రం దాటి ఉండాలి. మహాసముద్రం దాటడం లక్షల ఏళ్లలో ఒకసారి జరిగే అదృష్టం. గోధుమ చేనుకు ఇటు నుంచి అటు వెళ్లడం అంతకన్నా తేలికని మాత్రం అనుకోనక్కర్లేదు. దున్నిన నేలలో ఆకుల పొర లేదు, నీడ లేదు, పుల్లలు లేవు.

గైయస్ గురించి ఇన్ని వివరాలు తెలిశాయంటే కారణం దాదాపు ఒక్క మనిషే. బార్బరా యార్క్ మెయిన్ 1929లో కెల్లెర్‌బెర్రిన్‌లో పుట్టి, టామిన్ దగ్గరి పొలాల మధ్య పెరిగింది. యూనివర్సిటీ ఆఫ్ వెస్టర్న్ ఆస్ట్రేలియాలో జంతుశాస్త్రం చదివి, 1956లో డాక్టరేటు తీసుకుంది. 1957లోనే ట్రాప్‌డోర్ సాలీళ్ల జీవనం మీద పెద్ద పత్రం వెలువరించింది. ఆమె రాసినవి శాస్త్రపత్రాలే కావు. 1967 నాటి ‘బిట్వీన్ వాజిల్ అండ్ టార్’, 1971 నాటి ‘ట్వైస్ ట్రాడెన్ గ్రౌండ్’ గోధుమ నేలల ప్రకృతి గురించి సామాన్య పాఠకుల కోసం రాసిన పుస్తకాలు. 1981లో ఆమె పనిమీద ‘లేడీ ఆఫ్ ది స్పైడర్స్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది, దానికి వ్యాఖ్యానం చెప్పింది డేవిడ్ అటెన్‌బరో. 2011లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆమెను ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా పతకంతో గౌరవించింది.

1974లో ఆమె నార్త్ బంగుల్లాలో ఒక చిన్న జాగా ఎంచుకుని, కనబడిన ప్రతి గైయస్ బొరియ పక్కనా నంబరు వేసిన గుర్తు పాతింది. ఏటా వెళ్లి ఏది బతికుంది, ఏది పోయింది, మూత ఎంత పెరిగింది, కొత్తవి ఎన్ని అని రాసుకునేది. పరికరాలేమీ పెద్దగా అక్కర్లేని పని, ఓపిక మాత్రం జీవితమంత కావాలి. ఒక నిధుల దఫా రెండు మూడేళ్లు నడిచే ఈ కాలంలో ఇలాంటి పరిశీలన మొదలుపెట్టడమే కష్టం, నాలుగు దశాబ్దాలు లాగడం మరీ అరుదు. తొలి నాళ్లలో గుర్తు పెట్టిన పిల్లల్లో పదహారోది మిగతావన్నీ ఒకటొకటిగా పోతున్నా బతుకుతూనే వచ్చింది. మెయిన్ వయసు మీదపడి క్షేత్రానికి వెళ్లలేని దశలో కర్టిన్ యూనివర్సిటీ పరిశోధకురాలు లియాండా మేసన్ ఆ పని అందుకుంది.

2016 అక్టోబరు 31న వెళ్లి చూసినప్పుడు 16వ నంబరు బొరియ పాడుబడి ఉంది. మూతకు చిన్న చిల్లు. అంతకు ఆరు నెలల ముందు సాలీడు బతికే ఉన్నట్టు గుర్తులున్నాయి. పని కందిరీగది. మన గోడల మీద మట్టిగూళ్లు కట్టి సాలీళ్లను మోసుకొచ్చే కుమ్మరిపురుగు చేసేది కూడా ఇలాంటి పనే. కందిరీగ సాలీడిని కుట్టి కదలకుండా చేసి, దానిమీద గుడ్డు పెడుతుంది, పుట్టిన పురుగు సాలీడిని తినేసి పెరుగుతుంది. మూతకు చిల్లు పడి ఉండటాన్ని బట్టి ముసలితనం కన్నా కందిరీగే చంపిందని పరిశోధకులు నిర్ధారణకు వచ్చారు. ఈ ఫలితాలు 2018లో పసిఫిక్ కన్సర్వేషన్ బయాలజీ పత్రికలో మేసన్, ఆమె సహపరిశోధకుల పేర్లతో అచ్చయ్యాయి. మెయిన్ మరుసటి ఏడాది మే నెలలో కన్నుమూసింది.

బొరియలో 43 ఏళ్లూ ఉన్నది ఒకే సాలీడని ఎలా నమ్మడం? ఇది న్యాయమైన ప్రశ్న. మధ్యలో పాతది చచ్చిపోయి కొత్తది దూరిందేమో? దానికి జవాబు గైయస్ అలవాట్లలోనే ఉంది. పిల్ల తన బొరియ తానే తవ్వుకుంటుంది, ఎవరో వదిలేసిన పెద్ద గుంతలోకి చేరదు. పెద్దది బొరియ పాడైతే మరమ్మతు చేసుకుంటుంది గానీ వేరొకరి ఇంటికి పోదు.  పత్రికలు 43 అనే అంకెను పట్టుకుని ప్రపంచమంతా చాటాయి. నిజానికి ఆ అంకె కన్నా దాన్ని సాధ్యం చేసిన కదలని తనమే ఎక్కువ విలువైన సమాచారం. ఒక జీవి 43 ఏళ్లు ఒక్క చోటే ఉండగలిగిందంటే ఆ చోటు కూడా 43 ఏళ్లు పెద్దగా మారలేదన్నమాట.

చుట్టుపక్కల చోట్లు మారిపోయాయి. పశ్చిమ ఆస్ట్రేలియా గోధుమ మండలం, స్థానికంగా వీట్‌బెల్ట్ అనే ప్రాంతం, నూంగర్ ప్రజల పాత భూమి. యార్క్ గమ్ యూకలిప్టస్‌లు, జామ్ అని పిలిచే ఒక రకం తుమ్మ, ఇసుక మేటల మీద పొదలు, ఇదీ దాని సహజ స్వరూపం. ఇరవయ్యో శతాబ్దంలో అందులో చాలా భాగాన్ని చదును చేసి గోధుమ వేశారు. మండలంలో అనేక చోట్ల పాత వృక్షసంపదలో 90 శాతానికి పైగా పోయింది. మిగిలినవి తునకలే, రోడ్ల అంచుల్లో పట్టీలు, రాళ్లగుట్టల చుట్టూ మిగిలిన తోపులు, నార్త్ బంగుల్లా లాంటి చిన్న రిజర్వులు.

నరికివేతతో పని ఆగలేదు. లోతుగా వేళ్లు పాతుకున్న చెట్లు పోయి, ఏడాదికోసారి పండి పోయే పైరు వచ్చాక భూమిలోకి దిగే వాన నీటిని తాగేవి లేకుండా పోయాయి. భూగర్భజలం మట్టం పైకి లేచింది, ఎన్నో వేల ఏళ్లుగా లోపల పేరుకున్న ఉప్పును తనతో పైకి తెచ్చింది. నైరుతి ఆస్ట్రేలియాలో ఇలా చౌడు పట్టిన నేల పది లక్షల హెక్టార్లకు పైమాటే. పల్లపు రిజర్వులకు కూడా ఈ ఉప్పు పాకుతుంది, చెట్లు ఎండిపోతాయి, రాలే ఆకులు ఆగిపోతాయి. రాలే ఆకులు లేకపోతే పుల్లల వరసలూ లేవు. కంచె లేని తునకల్లోకి గొర్రెలు దూరితే డెక్కల కింద మూతలు నలిగిపోతాయి, ఆకుల పొర చెల్లాచెదురవుతుంది. కార్చిచ్చు వస్తే పెద్ద ఆడవి లోపల దాక్కుని బతికి బయటపడొచ్చు, కానీ పైన తినడానికి పురుగులూ, వేటకు పుల్లలూ బూడిదవుతాయి.

వాన కూడా తగ్గుతోంది. 1970 తర్వాత నైరుతి ఆస్ట్రేలియాలో మే నుంచి జులై దాకా పడే వర్షం సుమారు 20 శాతం పడిపోయింది. పిల్లలు తల్లి బొరియ విడిచి బయటికి వచ్చి మెత్తని నేలలో తవ్వుకోవాల్సింది సరిగ్గా ఆ రోజుల్లోనే. తొలకరి ఆలస్యమైతే ఆ ఏటి పిల్లలు ఎండుతాయి.

గైయస్ పొరుగున ఉండే ఇడియోసోమా నైగ్రమ్ అనే మరో ట్రాప్‌డోర్ సాలీడి కథ కూడా ఇలాంటిదే, కాకపోతే దాని దాపరికం వేరు. దాని పొట్ట చివర గట్టిపడిన పెంకు ఉంటుంది. శత్రువు వస్తే తలకిందులుగా బొరియలో ఇరుక్కుని ఆ పెంకునే బిరడాగా వాడుకుంటుంది. పల్లెల చుట్టూ ఒకప్పుడు మామూలుగా కనబడ్డ ఈ జీవికి ఇప్పుడు ఆస్ట్రేలియా ప్రభుత్వం అపాయంలో ఉన్న జాతుల జాబితాలో చోటిచ్చింది. ఆస్ట్రేలియా దక్షిణ భాగపు వ్యవసాయ ప్రాంతాల్లో మైగలోమార్ఫ్‌లు ఎక్కడికి పోయాయని ప్రశ్నిస్తూ 2017లో అచ్చయిన ఒక సమీక్షకు మెయిన్ కూడా సహరచయితే. దశాబ్దాల కిందట తాను చూసిన చోట్లకు మళ్లీ వెళ్లి పోల్చుకునే అవకాశం ఆ తరంలో ఆమెలాంటి కొద్దిమందికే దక్కింది.

ఈ సాలీళ్లను కాపాడటంలో ఒక చిక్కు వాటి దీర్ఘాయుష్షు నుంచే వస్తుంది. ఒక తునకలో పిల్లలు బతకడం ఆగిపోయినా అక్కడి ఆడ సాలీళ్లు మరో ఇరవై ముప్పై ఏళ్లు కులాసాగా బతికేస్తాయి. పైనుంచి చూసేవాడికి బొరియలు ఉన్నట్టే ఉంటాయి, సంఖ్య కూడా బాగానే ఉంటుంది. ముసలివి ఒక్కొక్కటిగా రాలిపోయాక గానీ లోటు బయటపడదు, అప్పటికి ఆ తునకలోకి వేరే చోటి నుంచి నడిచి వచ్చే సాలీళ్లూ ఉండవు. అందుకే లెక్కకు వెళ్లేవాళ్లు మూతలు ఎన్ని అని రాసుకుని ఊరుకోరు. మూతల వెడల్పు కొలుస్తారు. గోటి కన్నా చిన్న మూతలు కనబడితే ఆ వానాకాలం పిల్లలు నిలదొక్కుకున్నట్టు. అన్నీ పెద్ద మూతలే అయితే ఆ రిజర్వుకు కంచె, గొర్రెల కట్టడి, ఆకుల పొర, ఉప్పునీటి మళ్లింపు గురించి వెంటనే మాట్లాడుకోవాల్సి ఉంటుంది.